కడలి యొడ్డున చదరంగము



చెన్నపట్టణమునకు దక్షిణముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, తూర్పు సముద్రతీరమున మామల్లపుర మను చిన్న యూరు గలదు. మన యిండ్లలో పెద్దలు దీనిని మహాబలిపుర మనియే పిలుతురు. సెలవుదినమున పిల్లలతో వచ్చి, అలల యెదుట ఇసుకలో కూర్చుండి, వేయించిన వేరుసెనగలు తిని, ప్రొద్దు వాలువేళకు ఇండ్లకు మరలువారికి ఇది చిరపరిచితమైన స్థలము. ఇట్టి నెమ్మదియైన యూరి ప్రక్కన, పూంజేరి యను గ్రామమున, 2022వ సంవత్సరము జూలై, ఆగస్టు నెలలలో 44వ చదరంగ ఒలింపియాడ్ జరిగినది. ఈ పోటీ మన దేశమున జరుగుట అదియే మొదటిసారి. పురుషులు, స్త్రీలు కలసి ఆడదగిన విభాగమునకే 186 దేశముల నుండి 188 జట్లు వచ్చెను. స్త్రీల విభాగమున 160కి మించిన జట్లు పాల్గొనెను.

పోటీ యనగా కోలాహలము, విహార మనగా కాలహరణము అని తలచువారు తల్లిదండ్రులలో నున్నారు. ఈ రెండును ఒకేచోట కలిసిన యా దినముల సంగతి తెలిసికొన్నచో ఆ తలపు నిలువదని మా యభిప్రాయము.

ఈ పోటీ మొదట రష్యాలో జరుగవలసియుండెను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను పై యుద్ధము మొదలైన పిమ్మట అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దానిని అక్కడినుండి తొలగించినది. మార్చి నెలలో చెన్నపట్టణము దానిని పొందెను. జూలై 28వ తేదీన ప్రారంభోత్సవము. అనగా నాలుగు నెలలలో వేలకొలది అతిథులకు బస, భోజనము, ప్రయాణసౌకర్యము, ఆటశాల సిద్ధము కావలెను. ఉన్న మందిరము చాలక మరియొక పెద్ద మందిరమును క్రొత్తగా నిర్మించిరి. పెండ్లి ముహూర్తము పెట్టుకొని ఇల్లు కట్టుట మొదలిడిన యజమాని పాట్లు మనకు తెలియును గదా. ఆ పాట్లను ఒక ప్రభుత్వము పడినదన్నమాట.

ఇక ఆట జరుగు విధము. జట్టుకు ఐదుగురు. నలుగురు నాలుగు బల్లల యొద్ద ఆడుదురు; ఒకరు విశ్రాంతిగా నుందురు. ఒక్కొక్క క్రీడాకారునికి మొదటి 40 ఎత్తులకు 90 నిమిషములు, తరువాత 30 నిమిషములు. ఎత్తు వేసిన ప్రతిసారి 30 సెకనులు అదనముగా చేరును. కావున ఒక్క ఆట నాలుగైదు గంటలు సాగుట వింత కాదు. అట్టి ఆటలు పదకొండు దినములు ఆడవలెను. కదలక కూర్చున్న వానికి అలసట యేమి యని అడుగకుడు. పరీక్షశాలలో మూడు గంటలు కూర్చుండి వెలుపలికి వచ్చినపుడు మీ తల యెట్లుండునో మీకు తెలియును. పరీక్షలో ప్రశ్నలు మారవు. ఇక్కడ ఎదుటివాడు క్షణక్షణమును ప్రశ్న మార్చుచుండును.

అందుచేతనే ఆరు ఆటలు ముగిసిన పిమ్మట ఆగస్టు 4వ తేదీని విశ్రాంతిదినముగా నిర్ణయించిరి. అంతేకాక, చివరి దినము తప్ప తక్కిన దినములలో ఆట మధ్యాహ్నము మూడు గంటలకు ఆరంభమగుచుండెను. ఉదయమంతయు క్రీడాకారునిదే. ఆ ఉదయములందు చేరువలోనే బంగాళాఖాతము గలదు. పదమూడు శతాబ్దములుగా దాని యుప్పుగాలికి ఎదురొడ్డి నిలిచిన రాతికోవెల గలదు. నగరము నడుమ ఎంత గొప్ప మందిరము కట్టినను ఈ యెడము దొరకదు.

ఈ యూరి పేరులోనే ఒక క్రీడ దాగియున్నది. పల్లవరాజైన మొదటి నరసింహవర్మకు మామల్లుడని బిరుదము. మహామల్లు డనగా గొప్ప కుస్తీవీరుడు. అతడు 630 ప్రాంతమున రాజ్యమునకు వచ్చి, 642లో చాళుక్య రాజధానియైన వాతాపిని జయించెను. ఈ పల్లవులకు ఆంధ్రదేశముతో సంబంధము చాల పాతది. గుంటూరు సీమలోని మైదవోలులో దొరికిన శివస్కందవర్మ ప్రాకృత తామ్రశాసనము ధాన్యకటకములోని యధికారికి వ్రాయబడినది. అందు ఆంధ్రాపథము పేరు గలదు. దీనినిబట్టి పల్లవులు మనవారని తగవులాడుట తగదు. వారి శిల్పములు తమిళసీమలో నున్నవి. వారి తొలి శాసనములు కొన్ని కృష్ణాతీరమును స్మరించుచున్నవి. రెండు భాషల నడుమ బ్రదుకుచున్న మనకు ఈ పాటి బంధుత్వము చాలును.

మామల్లుని కాలమున చదరంగ ముండెనా? ఈ ప్రశ్నకు సమాధానము ఉత్తరదేశమున దొరకును. మామల్లునికి సమకాలికుడైన హర్షచక్రవర్తి చరిత్రను బాణుడు సంస్కృతమున వ్రాసెను. ఆ గ్రంథములో ఆయన ఒక శ్లేష కల్పించెను: హర్షుని రాజ్యమున చతురంగకల్పన ఆటపలకల మీదనే గాని మనుష్యుల యంగములను ఖండించుటలో లేదని దాని భావము. చదరంగమును గూర్చిన మిక్కిలి ప్రాచీనమైన ప్రస్తావనలలో ఇది యొకటి. అనగా ఇక్కడ ఉలులు కొండరాళ్లపై మ్రోగుచున్న యా తరముననే, అక్కడ కవి చమత్కారమునకు అక్కరకు వచ్చునంతగా ఈ యాట జనులకు తెలిసియున్నది. పిదప అది పారసీకమునకు పోయి చత్రంగ్ అయ్యెను. అరబ్బుల యొద్ద శత్రంజ్ అయ్యెను. అటనుండి ఐరోపాకు చేరెను. 2022లో అది లోకమంతయు తిరిగి, మామల్లుని యూరికి వచ్చినదనుకొన్నచో మనసునకు ఒక ముచ్చట.

చతురంగ మనగా రథ, గజ, తురగ, పదాతులు. పంచరథముల యావరణమున నిలిచి చూచినచో రాతిరథములు కన్పట్టును. సహదేవరథము ప్రక్కన నిలువెత్తు ఏనుగు గలదు. ఈ రథములకు చక్రములు లేవు. పాండవులతో సంబంధమును లేదు. ఒక్కొక్కటి ఒకే రాతి నుండి పైనుండి క్రిందికి చెక్కుచు వచ్చిన కోవెల. ఆ పేర్లు తరువాతివారు పెట్టినవి. క్రింది భాగములు కొన్ని పూర్తికాక మొరటుగనే మిగిలిపోయినవి. ఇక గుఱ్ఱము సంగతి. పంచెకట్టి, చేతులు జోడించి నిలిచిన 'తంబి' యను గుఱ్ఱపుబొమ్మ ఆ ఒలింపియాడ్‌కు చిహ్నము. తంబి యనగా మన తమ్ముడే.

మాటల ప్రసక్తి వచ్చినది గావున ఒక్క మాట. చదరంగ మాడు మా విద్యార్థులు అనేకులు కాయలకు ఆంగ్లనామములే చెప్పుదురు. రాజు, మంత్రి, ఏనుగు, గుఱ్ఱము, శకటు, బంటు అను పేర్లు వారి తాతలకు తెలియును, వారికి తెలియవు. పోయినవి ఆరు మాటలే కదా యనరాదు. మనము నిత్యము పలుకు పలుకుబడులు వానిని అంటిపెట్టుకొని యున్నవి. ఎత్తుకు పైఎత్తు వేయుట, పావులు కదుపుట, ఆట కట్టించుట: గడుల మీద ఆట చూడని పిల్లవానికి ఇవి పుస్తకములోని జాతీయములు, ఆడినవానికి కంటి యెదుటి సంగతులు. కావున తాతలారా, మనుమలతో ఒక్క ఆట ఆడుడు. ఓడిపోవుదు రేమో, అయినను పేర్లు నిలుచును.

ఆ ఒలింపియాడ్‌లో మన భాషవా రెవరుండిరని మీరు అడుగుదురు. గుంటూరు పెంటేల హరికృష్ణ, ఓరుగల్లు అర్జున్ ఇరిగేసి భారత మొదటి జట్టులో నుండిరి. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక స్త్రీల మొదటి జట్టులో నుండిరి. హారిక అప్పుడు నిండుచూలాలు. నెలలు నిండిన స్థితిలోనే వచ్చి ఆడి, జట్టుతో కూడ కాంస్యపతకమును అందుకొనెను. ఆ నెలలోనే ఆమెకు ఆడపిల్ల జన్మించెను. ఆ జట్టు చాల భాగము అగ్రస్థానమున నుండి, చివరి దినమున అమెరికా జట్టుతో ఓడి, మూడవ స్థానమునకు దిగినది. బంగారుపతకము ఉక్రెయిను స్త్రీలకు దక్కెను. తమ దేశమున యుద్ధము జరుగుచుండగా వచ్చి ఆడినవారు వారు. వారి గెలుపును చూచి అసూయపడుట యెవరి తరము?

భారత రెండవ జట్టులో మొదటి బల్లయొద్ద కూర్చున్నవాడు దొమ్మరాజు గుకేశ్. తెలుగు కుటుంబమున చెన్నపట్టణములో జన్మించినవాడు, అప్పటికి పదునారేండ్లు. వరుసగా ఎనిమిది ఆటలు గెలిచెను. తొమ్మిదవది సమమయ్యెను. పదియవ దినమున ఉజ్బెకిస్తాను జట్టుతో ఆట. గుకేశ్ మంచి స్థితిలో నుండియు, గడియారము తరుముచుండగా పొరపాటెత్తు వేసి, అబ్దుసత్తోరోవు చేతిలో ఓడిపోయెను. ఆ దినమున ప్రజ్ఞానంద గెలుపు వలన జట్టు సమముగా బయటపడినది. కాని బంగారము చేజారెను. ఉజ్బెకిస్తానుకు మొదటి స్థానము, ఆర్మీనియాకు రెండవది, మన రెండవ జట్టునకు మూడవది. మొదటి బల్లపై వ్యక్తిగత స్వర్ణము మాత్రము గుకేశ్‌దే. ఆ బాలుడు ఆ మరునాడే మరల బల్లయొద్ద కూర్చుండి ఆడెను. 2024 సెప్టెంబరులో బుడాపెస్టున భారతజట్లు రెండును స్వర్ణము గెలిచినపుడు అతడు మొదటి బల్లయొద్దనే యుండెను. అదే డిసెంబరున సింగపూరులో డింగ్ లిరెన్‌ను జయించి, 18 ఏండ్ల వయసున ప్రపంచవిజేత యయ్యెను.

అతడు మనవంటి తెలుగు పాఠశాలలో చదివినవాడు కాడు. ఆ గొప్పను మేము చెప్పుకొనము. కాని తెలుగింట పుట్టి, తమిళ నగరమున పెరిగి, ఆ నగరము నేర్పిన యాటలో వృద్ధికి వచ్చినవాడు. పరభాషల నడుమ తెలుగు పట్టుకొని ప్రాకులాడుచో పిల్లలు వెనుకబడుదురేమో యని మా యొద్దకు వచ్చి అడుగు తల్లిదండ్రులు ఈ యొక్క సంగతిని తలపోయుదురు గాక. ఇంటి భాష అతని ఎత్తులకు అడ్డు రాలేదు.

ఒకనాటి విహారమునకు మామల్లపురము పోదలచినవారికి నాలుగు మాటలు. ఎండ ముదురక మునుపే చేరుడు. తీరపుకోవెల తూర్పుముఖమున నుండుటచే ఉదయపు వెలుగులో దాని సొగసు వేరు. అది మామల్లుని తరువాతివాడైన రాజసింహుని కాలపుది, అనగా ఎనిమిదవ శతాబ్దారంభపుది. 1984లో ఈ శిల్పసముదాయమంతయు ప్రపంచ వారసత్వసంపదగా గుర్తింపు పొందినది. పిదప పెద్దశిలపై గంగావతరణ శిల్పము యొద్దకు పొండు. దానిని అర్జునతపస్సనియు అందురు. అందరు ఏనుగులను చూచి వచ్చెదరు. మీరు ఏనుగుల చెంత ఒంటికాలిపై తపస్సు చేయుచున్న పిల్లిని, దాని చుట్టు నమ్మికతో తిరుగు ఎలుకలను వెదకుడు. అరగంటలో నాలుగు ఛాయాచిత్రములు తీసికొని మరలువారికి ఆ పిల్లి కనబడదు.

ఊరిలో నడచుచుండగా ఉలిచప్పుడు వినబడును. 1957లో ఇక్కడ శిల్పవిద్యాలయము స్థాపింపబడినది. రాతిపని నేటికిని జీవనోపాధియే. శిల్పి పని చేయుచున్నంతసేపు నిలిచి చూడవచ్చును, మాటలాడించి చేయి చెదరగొట్టరాదు. సముద్రమున మాత్రము లోనికి దిగకుడు. ఇక్కడి అలల లాగుడు బలమైనది, ఈత వచ్చినవారిని సైతము ఈడ్చుకొనిపోవును. కాళ్లు తడుపుకొని వెనుకకు రండు.

మధ్యాహ్నపు టెండవేళ సరుగుడుచెట్ల నీడ దొరికినచో అక్కడ చాప పరచి, వెంట తెచ్చిన పులిహోర తిని, చదరంగపు బల్ల తెరువుడు. తేలిక ప్లాస్టిక్ కాయలు పనికిరావు, గాలికి దొర్లిపోవును. చెక్కకాయలు తీసికొని పొండు.