ఆప్తవాక్యము – అధికారవాక్యము

లేపాక్షి వీరభద్రాలయాన్ని చూడని విద్యార్థి మన ప్రాంతంలో అరుదు. హిందూపురంలో బస్సెక్కితే కొద్దిసేపటి ప్రయాణం. 2022లో ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, అనంతపురం సీమనుండి దీనిని వేరుచేసి తలచుకోవడం మనకింకా అలవాటు కాలేదు.

ఆ ఆలయంలో చూపరులకు తప్పక చూపించేవి రెండున్నవి. మొదటిది వేలాడే స్తంభం. ఆ రాతికంబం అడుగుభాగం చాలమేరకు నేలను తాకదని చెబుతారు. ఆ మాటను ఎవరూ ఊరకే నమ్మరు. తువ్వాలునో కాగితాన్నో ఒక ప్రక్క దూర్చి, రెండవ ప్రక్కకు లాగి చూచి మరీ నమ్ముతారు. రెండవది గోడమీది రెండు ఎర్రని మరకలు. పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ రాజధనాన్ని ఆలయానికి ఖర్చు చేసినాడని అభియోగం వచ్చిందట. రాజు అతని కన్నులు తీయించుమని ఆజ్ఞాపించగా, అతడే తన కన్నులు పెరికి గోడకు విసరినాడట. అందుకే కళ్యాణమండపం అసంపూర్తిగా నిలిచిపోయినదట.

ఒకమారు మా విద్యార్థులతో అక్కడ నిలిచి ఉండగా ఒక అమ్మాయి అడిగినది: "సార్, ఇది నిజంగా నెత్తురేనా?" నేను జవాబు చెప్పేలోపలే, ప్రక్కన కూర్చున్న స్థానిక వృద్ధుడు అందుకొన్నాడు: "మా తాతలు చెప్పినారు సారూ, మేం చెప్తాండాం." పిల్లలు నవ్వినారు. నాకు మాత్రం ఆ ప్రశ్న, ఆ జవాబు రెండూ మనసులో నిలిచిపోయినవి. ఈ వ్యాసానికి అవే మూలం.

అచ్యుతదేవరాయల కాలానికి (1529–1542) చెందిన అక్కడి శాసనాలు దేవునికిచ్చిన దానాలను వివరిస్తాయి. వాటిలో కన్నుల ప్రసక్తి కనబడదు. శాసనం అధికారం చెక్కించిన మాట. మరక ప్రజలు చెప్పుకొన్న మాట. మరక నెత్తురుదని ఎవరూ నిరూపించలేదు. అయినా ఆ కథ విరూపణ్ణను గురించి ఏమి చెప్పినా చెప్పకపోయినా, ప్రజలు రాజదండనను ఏ దృష్టితో చూచేవారో చెబుతున్నది. శాసనం ఎంత స్పష్టంగా ఉన్నా, శాసనం చెప్పనిది ఏదో ఉన్నదని వారి అనుమానం. రాజకీయ హింస జరిగినప్పుడెల్లా, ప్రభుత్వ ప్రకటన వెలువడినప్పుడెల్లా, ఇదే అనుమానం నేటికీ తలయెత్తుచున్నది. ఈ అనుమానం దోషమా, వివేకమా అన్నది మన విచారణీయాంశం.

ఆప్తుడెవరు?

మన తర్కశాస్త్రజ్ఞులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణాలను అంగీకరించినారు. శబ్దప్రమాణమనగా ఆప్తుని వాక్యము. విషయాన్ని తాను స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడు. జ్ఞానము, నిజాయితీ రెండూ ఉండవలెను. పదవి ఉండవలెనని ఎవరూ అనలేదు.

ఇస్లామీయ విద్యలోనూ ఇటువంటి పద్ధతియే కలదు. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించేముందు దాని ఇస్నాద్‌ను, అనగా ఎవరినుండి ఎవరు విన్నారన్న పరంపరను పరీక్షించినారు. ఒక్కొక్క రావీ నడవడిని, జ్ఞాపకశక్తిని తూచినారు. పరంపర తెగినచోట, చెప్పినవాడు ఎంత పెద్దవాడైనా ఆ మాటను బలహీనమన్నారు. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారింపక ఎవరికీ హాని చేయవద్దని ఖుర్ఆన్‌లోని హుజురాత్ అధ్యాయం హెచ్చరిస్తున్నది. 14వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో, చరిత్రకారులు సైన్యాల సంఖ్యలను పెంచి చెప్పే అలవాటును ఎత్తిచూపి, చెప్పినది జరుగుటకు వీలున్నదా అని మొదట అడగవలెనన్నాడు.

ఇక భారతంలో ద్రోణవధ ఘట్టం మనకందరికీ తెలిసినదే. ధర్మరాజు అశ్వత్థామ మరణించినాడని బిగ్గరగా పలికి, అది ఏనుగన్న సంగతిని వినబడీ వినబడకుండా పలికినాడు. అక్షరాలా చూస్తే ఆ వాక్యం అసత్యం కాదు. అయినా అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడచిన అతని రథం ఆనాడు నేలను తాకినదని కథ. పలుకుబడి ఒక్కమారు పోతే, అటుపిమ్మట చెప్పిన నిజానికి కూడా విలువ తగ్గుతుందన్నది దీనిలోని నీతి.

హింస జరిగినచోట ప్రభుత్వం ఒక కక్షి కూడా అయినప్పుడు చిక్కు వస్తున్నది. కాల్చినది తన ఉద్యోగి. చూచినది తన ఉద్యోగి. నివేదిక వ్రాసినదీ తన ఉద్యోగియే. తానే ప్రతివాదియై, తానే సాక్షియై, తానే తీర్పరియైనవాని వాక్యం నిజమైనా కావచ్చును. ఆప్తవాక్యం మాత్రం కాజాలదు.

ఒక మాట నేర్పే పాఠం

భాషాధ్యాపకుడనైనందున ఒక పదాన్ని ముందు పరిశీలిస్తాను. ‘ఎన్‌కౌంటర్’ అనగా ఇరుపక్షాలు ఎదురుపడుట. ఆంగ్లంలో అది అనుకోకుండా జరిగేది. పోలీసు ప్రకటనలలో ‘ఎదురుకాల్పులు’ అన్నది దానికి అనువాదం. కాని తెలుగువాడు దానిని ఎట్లా వాడుతున్నాడు? "వాణ్ణి ఎన్‌కౌంటర్ చేసినారు" అంటున్నాడు. జరిగేది చేసేదైనది. ఇరుపక్షాల క్రియ ఒక కర్త, ఒక కర్మ గల సకర్మక క్రియగా మారినది. ఏ నిఘంటుకారుడూ చెప్పకుండానే, ఏ సభా తీర్మానించకుండానే, ప్రజలు తమ అవిశ్వాసాన్ని వ్యాకరణంలోనే చేర్చుకొన్నారు.

ఆ అవిశ్వాసానికి చరిత్ర ఉన్నది. అత్యవసర పరిస్థితి విధించిన మరునెలలో, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు మరణించినారు. వారిలో వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్ ఒకడు. అవి ఎదురుకాల్పులని పోలీసుల కథనం. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక పౌర సంఘం ఏర్పడినది. కె.జి. కన్నబిరాన్ దానికి సంచాలకుడు. మన ప్రజాకవి కాళోజీ నారాయణరావు ఒక సభ్యుడు. వారు గ్రామాలకు వెళ్ళి సాక్షులను విచారించి, ఆ యువకులను ముందే పట్టుకొని తరువాత కాల్చినారని నిర్ణయించినారు. దేశమంతటా ఆ నివేదిక సంచలనం కలిగించగా, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించినది.

ఇంతవరకు జరిగినది మెచ్చదగినదే. సాక్షులు బహిరంగంగా వచ్చి చెప్పినారు. పోలీసు అధికారులను న్యాయవాదులు ఎదుటనే ప్రశ్నించినారు. ఆ దశలో విచారణను బహిరంగంగా కాక రహస్యంగా జరపవలెనన్న నిర్ణయం వచ్చినది. పౌరహక్కుల పక్షం వైదొలగినది. విచారణ అర్ధాంతరంగా ముగిసినది. పోలీసుల కథనం నిజమో కాదో ఆ సంఘం తేల్చలేదు. కాని తలుపు మూసిన చప్పుడు ప్రజలకు వినబడినది. వారు తమ తీర్పు తామే చెప్పుకొన్నారు.

అంకెలు, కాగితాలు, జవాబు లేని ప్రశ్న

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండు గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపినారు. మృతులు 13 మందియని ప్రభుత్వం ప్రకటించినది. పౌరహక్కుల సంఘాలు 60 మందికి తక్కువ కాదన్నవి. వందకు పైననే అన్నవారూ ఉన్నారు. 13కు, 60కి నడుమ ఉన్నది లెక్కలో తేడా మాత్రమే కాదు. ఏ పేర్ల పట్టికలోనూ చేరని మనుష్యులు అక్కడ ఉన్నారేమో అన్న భయం అది. ఇబ్న్ ఖల్దూన్ చెప్పినట్లు పెద్ద అంకెను ప్రశ్నించవలసినదే. చిన్న అంకెకు కూడా అదే న్యాయం వర్తించవలెను.

హైదరాబాదు సంస్థానంపై 1948 సెప్టెంబరులో జరిగిన ‘పోలీసు చర్య’ మరొక ఉదాహరణ. ఆ చర్యకు ముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలు నిజమైనవి. వాటిని మరుగుపరచుట న్యాయం కాదు. చర్య తరువాత జరిగిన ప్రతీకార హింసను తెలుసుకొనుటకు నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారు జిల్లాలు తిరిగినారు. తక్కువలో తక్కువగా చూచినా 27 వేలనుండి 40 వేలమంది ప్రాణాలు పోయినవని వారు అంచనా వేసినారు. హిందువులు కొందరు ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగులను కాపాడిన సంగతిని కూడా వారే వ్రాసినారు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రకటించలేదు. 2013 నాటికి గాని అది ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందుబాటులోనికి రాలేదు. ఆ అంచనాను తర్కించవచ్చును, తగ్గించవచ్చును, పెంచవచ్చును. కాని దాచిన కాగితంతో తర్కమెట్లా? కాపాడిన పొరుగువాని కథ కూడా చంపినవాని కథతోపాటు ఆరు దశాబ్దాలు పెట్టెలో ఉండిపోయినది. దానివలన నష్టపోయినది ఒక్క వర్గం కాదు.

2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ, హైదరాబాదు మక్కామసీదులో బాంబు పేలి 9 మంది మరణించినారు. ఆపైన పోలీసు కాల్పులలో 5 మంది మరణించినారు. తొలుత పోలీసులు నగరంలోని ముస్లిం యువకులను పెక్కుమందిని నిర్బంధించినారు. తరువాత దర్యాప్తు దారి మారి, ఒక హిందూ తీవ్రవాద వర్గానికి చెందినవారిపై నేరం మోపబడినది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం విచారణకు వచ్చిన ఐదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసినది. అయితే ఆ బాంబు ఎవరు పెట్టినట్లు? చనిపోయినవారి ఇండ్లలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అనుమానింపబడి చెరసాల చూచిన యువకుల ఇండ్లలోనూ లేదు.

అనుమానానికి కూడా హద్దు

ఇంతవరకు చదివి, ప్రభుత్వం చెప్పినదంతా అబద్ధమేనని ఏ విద్యార్థియైనా నిశ్చయించుకొంటే నా వ్యాసం విఫలమైనట్లే. మన సీమలోని ఉదాహరణనే చూతము.

2005 జనవరి 24న పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవి అనంతపురంలో తన పార్టీ కార్యాలయంలోనే హత్యకు గురైనాడు. రాష్ట్రమంతటా బస్సులు తగులబడినవి. దర్యాప్తు కేంద్ర నేరపరిశోధన సంస్థకు అప్పగింపబడినది. ముఖ్య నిందితులలో ఒకడైన మొద్దు శ్రీను 2008 నవంబరులో, ప్రభుత్వ రక్షణలోని అనంతపురం కారాగారంలోనే, సహఖైదీ చేతిలో మరణించినాడు. మాట్లాడవలసినవాడు న్యాయస్థానంలో మాట్లాడకముందే పోయినాడు. ప్రజలు అనుమానించుటలో ఆశ్చర్యమేమున్నది?

కాని ఆ అనుమానం ఎట్లా నడచినదో కూడా చూడవలెను. ఒక టీ అంగడిలో ఒక కథ. ఎదుటి అంగడిలో దానికి తలక్రిందులైన కథ. ఏ మనిషి ఏ కథను నమ్ముతాడో తెలుసుకొనుటకు సాక్ష్యం చూడనక్కరలేదు. అతడు ఏ పక్షమో తెలిస్తే చాలును. అధికారవాక్యాన్ని నమ్మనివాడు తన పక్షపు పుకారును మాత్రం కన్నులు మూసుకొని నమ్మినాడు. సీమలో కక్షలు తరాలు దాటి సాగుటకు ఇదియొక కారణం. ప్రతీకారానికి దిగినవాడు ముందుగా ఒక కథను నమ్ముతాడు. పరీక్షింపని అవిశ్వాసం కూడా ఒక ముఠాయే.

విద్యార్థి కర్తవ్యం

కావున ప్రభుత్వం చెప్పినా, పత్రిక చెప్పినా, మన వీధిలోని పెద్ద చెప్పినా, ఈ ప్రశ్నలు వేసుకొనుట మంచిది. ఇది చెప్పినవాడు స్వయంగా చూచినాడా? ఈ మాట నిజమైతే అతనికి కలిగే లాభమేమి? రెండవ పక్షాన్ని విన్నారా? అంకె వెనుక పేర్లున్నవా? విచారణ బహిరంగంగా జరిగినదా? నివేదికను ఎవరైనా చదువవచ్చునా? చివరిది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న: ఇదే సంగతి నా పక్షానికి ప్రతికూలంగా ఉంటే, ఇంతే సాక్ష్యంతో నేను నమ్మేవాడినా?

ప్రభుత్వం చేయవలసినది కూడా తెలియనిది కాదు. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల విషయమై 16 మార్గదర్శకాలు విధించినది. కేసు నమోదు చేయవలెను. దర్యాప్తు వేరొక పోలీసు స్టేషనువారో, నేరపరిశోధక శాఖవారో చేయవలెను. మేజిస్ట్రేటు విచారణ జరుగవలెను. వీటి సారాంశమొక్కటే: కాల్చినవాడే కథ వ్రాయరాదు. ఇది పోలీసులను అవమానించుట కాదు. నిజంగా ఆత్మరక్షణకై కాల్చిన పోలీసుకు కూడా, పరీక్షకు నిలిచిన నివేదికకన్నా మంచి రక్షణ లేదు.

ఆనాడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను ఇట్లా చెప్పినాను: "అమ్మా, నెత్తురని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. పరీక్షించినవారి మాట దొరికేవరకు రెండూ చెప్పకుండుటయే మన చదువు." ఆమెకు తృప్తి కలుగలేదని ముఖం చూస్తేనే తెలిసినది. తరువాత పిల్లలందరూ స్తంభం దగ్గరకు పరుగెత్తినారు. ఆమె తన దుపట్టా కొసను కంబం క్రింద దూర్చి, ఆవలి ప్రక్కకు వెళ్ళి లాగినది. అది వచ్చినది. ఇక అక్కడ ఎవరినీ ఏమీ అడుగలేదు.