అడిగి ఇవ్వండి, జనవరిలోనూ వెళ్లండి

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాదు పాతబస్తీలో, ఉప్పుగూడ గల్లీల్లో మా విశ్వాసుల ఇళ్ల మీద స్టార్లు వెలుగుతాయి. యూత్ పిల్లలు గిటార్లు, డప్పులు పట్టుకుని కారల్స్ రౌండ్స్‌కు బయలుదేరతారు. సెమీ క్రిస్మస్‌లు, విందులు, కొత్తబట్టలు, పిండివంటలు. వాటితోపాటే "ఈసారి పేదలకు ఏం పంచుదాం?" అన్న ప్రశ్న కూడా వస్తుంది. మా సంఘం స్త్రీల సమాజంలో ఉండి చాలా ఏళ్లు ఆ పంపకాల పని చూశాను. ఒకపక్క ఛత్రినాక, లాల్‌దర్వాజా, ఇంకోపక్క ఫలక్‌నుమా. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు గోడకు గోడ ఆనించుకుని బతికే బస్తీ మాది. ఇక్కడ చేసిన మేలూ దాగదు, పెట్టిన బాధా దాగదు.

ఈ ఏడాది ఆ బాధ్యత నెత్తికెత్తుకున్న పిల్లలు "అమ్మమ్మా, మీకు తెలిసింది మాకు రాసిపెట్టండి" అని అడిగారు. నేను నమ్మేది ఒక్కటే. సాయాన్ని ఎదుటి మనిషి అవసరంతో కొలవాలి, ఆ మనిషి పరువు నిలిపేటట్టు చేయాలి. కింద రాసినవన్నీ ఆ మాటకు వివరణలే.

1. ముందు అడగండి, తర్వాత కొనండి

చలికాలం సాయం అనగానే అందరికీ దుప్పటే గుర్తొస్తుంది. ఒకసారి నగరంలోని ఒక పెద్ద దవాఖాన బయట, ఫుట్‌పాత్ మీద పడుకునే రోగుల బంధువులకు దుప్పట్లు పంచడానికి వెళ్లాం. పాలమూరు పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి మేమిచ్చినది పుచ్చుకోలేదు. ఆమె తలాపున అప్పటికే మూడు కొత్త దుప్పట్లు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. "ఇవన్నీ మోసుకొని ఎట్ల పోవాలమ్మా? ఫ్లాస్కు ఉంటే ఇయ్యిండ్రి, రాత్రి పిల్లగానికి పాలు వేడిగుండాలె. ఊరికి ఫోన్ చేద్దామంటే రీచార్జి అయిపాయె" అంది. ఆ రాత్రి ఆమెకు కావలసింది ఒక ఫ్లాస్కు, ఒక రీచార్జి.

బస్తీలోనూ అంతే. రేషన్ కార్డున్న ఇంటికి నెలకు మనిషికి ఆరు కిలోల చొప్పున బియ్యం వస్తాయి. మనం మళ్లీ బియ్యం బస్తాలే మోసుకెళ్తాం. ఆ ఇంట్లో నిండుకున్నది నూనె కావచ్చు, పప్పు కావచ్చు, గ్యాస్ సిలిండర్ కావచ్చు, పెద్దాయన షుగర్ మందులు కావచ్చు. వెళ్లి కూర్చుని అడిగితే పది నిమిషాల్లో తెలుస్తుంది.

2. గుట్టుగా ఇవ్వండి

స్టేజీ వేసి, బ్యానర్ కట్టి, మైకులో పేరు పిలిచి కిట్ చేతికిచ్చి ఫొటో దిగడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల అందులో తల్లి పక్కన నిలబడి ఉంటే, మర్నాడు బడిలో ఆ పిల్ల తలెత్తుకోగలదా? ధర్మం చేసేటప్పుడు బాకా ఊదించుకోవద్దని యేసు కొండమీది ప్రసంగంలో హెచ్చరించింది సరిగ్గా ఇలాంటి వాటి గురించే.

మా బస్తీలో బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి చెప్తాను. చాలా ఇళ్లకు కిరాణా దుకాణంలో ఖాతా ఉంటుంది. మాట బయటపెట్టని దుకాణదారు దగ్గరికి పోయి ఆ ఇంటి ఖాతాలో కొంత కట్టండి. ఆయన అట్ట ఊడిన పొడుగు పుస్తకం తీసి, వేలితో పేజీ వెతికి, పాత బాకీ మీద అడ్డంగా గీత కొడతాడు. మర్నాడు ఆ ఇల్లాలు చక్కెరకో చాయపత్తికో వెళ్తే "మీ పాత లెక్క తీరిందమ్మా" అంటాడు. ఎవరు కట్టారో ఆమెకు తెలియనవసరం లేదు.

3. సాయానికి షరతు కట్టకండి

ఆకలి తీర్చి, దానికి బదులు విశ్వాసం అడగకూడదు. ఈ సంగతి మన తెలుగు నేల మీదే ఒక మిషనరీ చేసి చూపించారు. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం కావాలని జనం అడిగినా, కరవు సాయం నడుస్తున్నంత కాలం ఇవ్వలేదు. కూటి కోసం మతంలోకి వచ్చేవాళ్లు ఉంటారేమోనని ఆగారు. 1878లో సాయం పని ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు.

కాబట్టి మీటింగులో కూర్చున్నవారికే టోకెన్ అనకండి. ఆదివారం మందిరానికి వస్తేనే కిట్ అనకండి. ప్రార్థన చేయమని వాళ్లు అడిగితే మనసారా చేయండి. అడగకపోతే ఇంటికొచ్చి మీ గదిలో వాళ్ల పేరు తలచుకుని చేయండి.

4. చేయగలిగినవారికి పని ఇవ్వండి

మెదక్ చర్చి చూసి వచ్చినవాళ్లు ఆ గోపురం ఎత్తు గురించి చెప్తారు. దాని పునాదుల్లో కూలివాళ్ల అన్నం ఉందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. కరవులో జనం అల్లాడుతుంటే రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఉచితంగా పంచిపెట్టి పంపేయకుండా, కట్టడం పని పెట్టి తిండి చూపించారు. 1914లో మొదలైన ఆ పని పదేళ్లు సాగింది, 1924 డిసెంబరు 25న మందిరం ప్రతిష్ఠ జరిగింది. పని చేసి తిన్న అన్నం మనిషిని తలెత్తుకునేటట్టు చేస్తుంది.

మన చుట్టూ మగ్గం పని చేసేవాళ్లు, చీరలకు ఫాల్ కుట్టేవాళ్లు, ఇళ్లలో మిషన్ కుట్టుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. క్వయర్ పిల్లల బట్టలు వాళ్ల చేత కుట్టించండి. పండగ అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు స్వీట్ షాపులో కొనే బదులు ఇల్లు గడవని ఒక ఇల్లాలికి ఆర్డర్ ఇవ్వండి. సామానుకు అడ్వాన్సు ఇవ్వండి, బేరం ఆడకండి, సరుకు అందిన రోజే మిగతా డబ్బు చేతిలో పెట్టండి.

5. కాగితాల పని కూడా కరుణే

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన పాతబస్తీ మరిచిపోలేదు. హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తర్వాత ప్రభుత్వం వరద బాధిత కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఇల్లు నీళ్లలో మునిగితే ముందు తడిసేవి కాగితాలు: ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, అద్దె కాగితం. అలాంటప్పుడు పక్కన కూర్చుని ఫారం నింపి, జిరాక్సు తీయించి, లైన్లో తోడు నిలబడిన మనిషి విలువ బియ్యం బస్తాకన్నా ఎక్కువ.

ఆ అవసరం వరదలకే పరిమితం కాదు. పింఛను రాని వితంతువు, వైకల్యం సర్టిఫికెట్ లేని వికలాంగుడు, ఆధార్‌కు పాత ఫోన్ నంబరే ఉండి ఏ పథకమూ అందని ముసలాయన ప్రతి గల్లీలో ఉన్నారు. మీరు డిగ్రీలు చదివారు, ఫోన్లో అన్నీ చేయగలరు. డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ చదువును వాళ్లకు కానుకగా ఇవ్వండి. ఆగిన పింఛను మొదలైతే ఆ కానుక నెలనెలా అందుతూనే ఉంటుంది.

6. మనకన్నా ముందు మొదలుపెట్టినవారిని చూసి నేర్చుకోండి

ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే యాకుత్‌పురా తర్వాత దబీర్‌పురా వస్తుంది. అక్కడి ఫ్లైఓవర్ కింద 2012 నుంచి సయ్యద్ ఉస్మాన్ అజహర్ మక్సూసీ ఆకలిగొన్నవారికి రోజూ అన్నం పెడుతున్నారు. ఆకలికి మతం లేదన్నది ఆయన పట్టుకున్న మాట. వచ్చి కూర్చున్నవారిని ఏ దేవుణ్ని కొలుస్తావని అడగరు. సంవత్సరానికి ఒక పూట విందు పెట్టే మనం, రోజూ పొయ్యి వెలిగించే మనిషి దగ్గర శిష్యరికం చేయవచ్చు.

వెనక్కి చూసినా మతం అడ్డురాని ఇలాంటి సాయమే కనబడుతుంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం మెథడిస్టు మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి భారీగా విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఊరివాళ్లు దూరం పెట్టిన రోగిని ఆమె చేత్తో తాకి వైద్యం చేశారు, ఆ వైద్యానికి ఆయన సొమ్ము ఆసరా అయింది. కనుక క్రిస్మస్ సాయం చేసేటప్పుడు పక్కింటి ముస్లిం సోదరుణ్ని, ఎదురింటి హిందూ అక్కను కలుపుకోండి. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

7. ఒంటరితనానికి మనిషే మందు

పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పెద్దవాళ్లకు డబ్బు లోటు ఉండకపోవచ్చు, పలకరింపు లోటు ఉంటుంది. ఆ ఏడాదే భర్తను పోగొట్టుకున్న ఆమె ఇంట స్టార్ కట్టే చేతులు ఉండవు. అక్కడ కారల్ పాడి చాయ్ తాగి వచ్చేయకండి. మర్నాడు వంటతో వెళ్లి వాళ్లతో కలిసి తినండి. చనిపోయిన మనిషి పేరు ఎత్తడానికి భయపడకండి. వాళ్లు ఆ పేరు వినాలనే ఎదురుచూస్తుంటారు.

8. జనవరిలోనూ వెళ్లండి

మంచి సమరయుని కథ మీరంతా సండే స్కూల్లో నేర్చుకున్నదే. యాజకుడు, లేవీయుడు పక్కనుంచి వెళ్లిపోయారని, సమరయుడు ఆగాడని అందరూ చెప్తారు. నా మనసు మాత్రం కథ చివర దగ్గర ఆగుతుంది. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించి సత్రానికి తీసుకెళ్లాడు, మర్నాడు సత్రపువాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. అంతటితో చేతులు దులుపుకోలేదు. ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో తీరుస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. యేసు చూపించిన కరుణలో మళ్లీ రావడం కూడా ఉంది.

డిసెంబరులో బీదవాళ్ల ఇంటికి పది చేతులు వస్తాయి. జనవరిలో అద్దె కట్టాలి, ఆపై పరీక్షలకు ఫీజు కట్టాలి, జూన్‌లో పుస్తకాలు కొనాలి. అప్పుడు తలుపు తట్టేది అప్పులవాడే. అందుకే ఎక్కువ ఇళ్లకు కొంచెం కొంచెం పంచే బదులు, కొన్ని ఇళ్లనే పట్టుకుని ఏడాది పొడుగునా నిలబడండి.

పిల్లలూ, ఈసారి స్టేజీకి, సౌండ్‌కు, లైటింగ్‌కు అడ్వాన్సు కట్టకముందే సాయం సొమ్ము తీసి పక్కన పెట్టండి. కమిటీ కూర్చున్న రోజు ఏ కుటుంబం, ఏ నెల, ఎవరు వెళ్తారు, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే లేవండి.