విరిగిన కాలు — మరల ఆరుబయట పని

విరిగిన ఎముక అతికినదని వైద్యుడు చెప్పిన దినముననే తాను పూర్వపు మనిషినైతినని రోగి తలంచును. ఇది సహజమే. నెలల తరబడి మంచము నంటియున్నవానికి వాకిలి దాటుటయే పండుగ. కాని ఎముక అతుకుట వేరు, కాలు పనికి వచ్చుట వేరు. ఈ రెండింటి నడుమ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని మాసములు గడువవలెను. ఈ సంగతి తెలియక తొందరపడి మరల పడినవారు కలరు. భయపడి జీవితాంతము అరుగు దిగనివారును కలరు.

తెలంగాణ పల్లెలోని ఒక గీతకార్మికుని ఉదాహరణగా తీసికొందము. తాటిచెట్టునుండి జారిపడగా అతని మోకాలి క్రింది పెద్ద ఎముక విరిగినది. పెద్దవారిలో ఈ ఎముక అతుకుటకు సామాన్యముగా 3 నుండి 6 మాసములు పట్టును. బీడీ, చుట్ట కాల్చువారికి మరింత ఆలస్యమగును. ఈలోగా పనిలేని కండరములు క్షీణించును. ఒక దారముతో రెండు తొడలను కొలిచి చూచినచో దెబ్బతిన్న వైపు ఎంత సన్నబడినదో ఇంటివారికే తెలియును. చీలమండ బిగుసుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా, నేల ఎగుడుదిగుడులను పాదము కనిపెట్టు శక్తి మందగించును. కనుకనే ఆసుపత్రి గచ్చుపై చక్కగా నడచినవాడు పొలము గట్టుపై తూలిపోవును.

ఎముక తనపై పడు భారమును బట్టి తన నిర్మాణమును మార్చుకొనునని జర్మను వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించెను. కావున వైద్యుడు అనుమతించిన పిదప మితముగా బరువు మోపుట ఎముకకు మేలే. అనుమతికి ముందు మోపుట మాత్రము ప్రమాదము.

చేతికర్ర విషయమున అనేకులు పొరబడుదురు. కర్రను దెబ్బతిన్న కాలి వైపున కాక, దానికి ఎదుటి చేతిలో పట్టవలెను. ఆ కాలితోపాటే కర్రయు ముందుకు సాగవలెను. చెప్పులు తొడిగి నిలిచి చేయి వ్రేలాడదీసినపుడు కర్ర పిడి మణికట్టు మడతకు సరిపోవలెను. వెదురుకర్రయైనను చాలును, కాని కొనకు రబ్బరు ముక్క గట్టిగా బిగించవలెను. మెట్లు ఎక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు దెబ్బతిన్న కాలు ముందు. పల్లెలలో మరియొక చిక్కు కలదు: గొంతుకూర్చొనుట. మరుగుదొడ్డి గోడకు గట్టి పట్టుకొయ్య నొకదానిని అమర్చినచో పడు ప్రమాదము తగ్గును. దీనికి ఖర్చు స్వల్పము. అయినను ఎవరును చేయరు.

మొదట ఇంటి ముంగిలి, పిదప వీధి, ఆ పిదప చదునైన బండ్లబాట, చివరకు గట్టు. ఉదయమున, నేల పొడిగా ఉన్నపుడు, ఒకరిని తోడు తీసికొని బయలుదేరవలెను. వెళ్ళినంత దూరము తిరిగి రావలెనను సంగతి మరువరాదు. ఎంత నడువవచ్చునో నిర్ణయించుటకు మరునాటి ఉదయమే గురుతు. రాత్రి కొంచెము సలిపి తెల్లవారునప్పటికి తగ్గినచో ఆ దూరము తగినదే. వాపు గాని నొప్పి గాని అట్లే నిలిచినచో దూరమును సగమునకు తగ్గించవలెను. పూర్తిగా మానివేసి మంచమెక్కుట సరికాదు.

ఆహారమున పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించినది. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాములుండును. పాలు, పెరుగు, ఆకుకూరలు, పప్పు, గ్రుడ్లు కలిసిన భోజనము కండకును ఎముకకును చాలును. ఎముకల పులుసును మాత్రమే నమ్ముకొని పప్పు మానుట తెలివితక్కువ.

పిక్క ఉబ్బి వేడెక్కి నొప్పిపుట్టినను, హఠాత్తుగా ఆయాసము గాని రొమ్ములో పోటు గాని కలిగినను, రక్తనాళములో నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చును. ఒక్క గంటయు ఆలస్యము కూడదు. అట్టి పిక్కను నూనెతో మర్దించుట ప్రాణాపాయకరము. జ్వరము, పాత గాయమునుండి చీము, విరిగినచోటనే క్రొత్తగా పోటు కనిపించినను వైద్యుని చూడవలెను.

ఇక చెట్టు. కల్లు సీజను వచ్చినదని, అప్పు పెరుగుచున్నదని ఇంటివారు తొందరించుట కద్దు. కాని చెట్టెక్కువానికి దేహభారమంతయు పాదములపైనను నడుముకు చుట్టిన మోకుపైనను నిలుచును. దెబ్బతిన్న కాలిపై ఒంటరిగా, మంచి కాలిపై నిలిచినంతసేపు నిలువగలుగవలెను. ఆ కాలి మునివ్రేళ్ళపై మడమను రెండవ కాలితో సమానముగా ఎత్తగలుగవలెను. ఆధారము లేక గొంతుకూర్చొని లేవవలెను. ఇవి కుదిరిన పిదపనే, వైద్యుని అనుమతితో, మనిషి ఎత్తు మించకుండ ఎక్కి దిగుట మొదలిడవచ్చును. దిగుటయే కష్టమని అనుభవజ్ఞు లెరుగుదురు. గీతకార్మికుల రక్షణకై తెలంగాణలో 2024లో కాటమయ్య రక్షణ కవచమను పరికరముల పంపిణీ ప్రారంభమైనది. అట్టివి లభించినచో వాడుక నేర్చుకొని తొడుగవలెను. చీలమండ వంగనివారును, తల తిరుగువారును చెట్టు మానవలసినదే. అట్టివానికి చెట్టు క్రింద చేయదగిన పని ఏదియో కోలుకొను మాసములలోనే ఇంటివారందరును కూర్చొని ఆలోచించుట మంచిది.