కుందేటి కొమ్ము, ఒంటికొమ్ము గుర్రం

కార్తీక సోమవారం సాయంత్రం. మా చెల్లెలింట్లో తులసికోట దగ్గర దీపాలు పెడుతున్నాం. ఎనిమిదో తరగతి చదివే దాని పెద్దకొడుకు ఫోన్లోంచి తలెత్తకుండానే, "పెద్దమ్మా, దేవుడున్నాడనడం యూనికార్న్ ఉందనడం లాంటిదేగా? రెండిటినీ ఎవరూ చూడలేదు" అన్నాడు. చెల్లెలి చేతిలో అగ్గిపుల్ల కొసదాకా కాలి వేలు చురుక్కుమంది. "ఇంకోసారి అను, కళ్ళు పోతాయ్" అంది. వాడు నవ్వాడు. పదమూడేళ్ళ వాడి నవ్వు ఎలా ఉంటుందో ఆ వయసు పిల్లలున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా అమ్మ మాత్రం వత్తి ఎగదోస్తూ, "ఒంటికొమ్ము గుర్రమా? మా రోజుల్లో కుందేటి కొమ్ము అనేవాళ్ళంరా" అంది. వాడు ఫోను పక్కన పెట్టి ఆవిడ దగ్గర చతికిలబడ్డాడు.

ఇలాంటి మాట మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. యూనికార్న్ కాకపోతే టీపాట్, లేదంటే డ్రాగన్, అదీ కాకపోతే స్పగెట్టి భూతం. విన్న వెంటనే గొంతు పెంచకండి. అవి ఎక్కడ పుట్టిన బొమ్మలో తెలిస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

1952లో ఒక పత్రిక అడిగితే బెర్ట్రండ్ రస్సెల్ దేవుడి మీద వ్యాసం రాశాడు. ఆ పత్రిక దాన్ని అచ్చే వెయ్యలేదు. భూమికీ అంగారకుడికీ నడుమ, ఏ దుర్భిణికీ ఆననంత చిన్న టీపాట్ ఒకటి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని నేనంటే, లేదని రుజువు చేసే పని మీది కాదు, ఉందని చూపించే పని నాది అన్నది అందులో వాదం. స్పగెట్టి భూతం 2005 నాటిది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, పరిణామ సిద్ధాంతంతోపాటు 'తెలివైన రూపకర్త' వాదాన్నీ సైన్సు క్లాసులోకి తెచ్చే ప్రయత్నం జరిగింది. అలాగైతే మా నూడుల్స్ దేవుడి గురించి కూడా చెప్పండి అని బాబీ హెండర్సన్ అనే కుర్రాడు విద్యామండలికి ఉత్తరం రాశాడు. ఆ వెటకారం గురి సైన్సు పాఠంలో ఏముండాలన్న దాని మీద. మీ అత్తగారి దీపం మీద కాదు.

నాకు బాగా నచ్చేది కార్ల్ సాగన్ డ్రాగన్. 1995 నాటి పుస్తకంలోది. నా గ్యారేజీలో నిప్పులు కక్కే డ్రాగన్ ఉంది అంటాడొకడు. చూపించమంటే, అది కంటికి కనబడదంటాడు. నేల మీద పిండి చల్లితే అడుగులు పడతాయిగా అంటే, గాల్లో తేలుతుందంటాడు. నిప్పు వేడి తెలియాలి కదా అంటే, ఆ నిప్పుకి వేడి లేదు. రంగు చల్లి చూద్దామంటే, దానికి ఒళ్ళే లేదు. మరి లేని డ్రాగన్‌కీ దీనికీ తేడా ఏమిటి? ఈ ఆట పిల్లాడితో మీరే ఆడండి. డబ్బాలో ముగ్గుపిండి ఉండనే ఉంది. ఒకసారి వాణ్ణి డ్రాగన్ తరఫున మాట్లాడమనండి, ఇంకోసారి మీరు మాట్లాడండి. స్వామీజీల మహిమల దగ్గర్నుంచి వాట్సాప్ వైద్యాల దాకా, రేపు వాడు ఎక్కడ మోసపోకుండా ఉండాలన్నా ఈ ఆట అక్కరకొస్తుంది.

ఇక మా అమ్మ చెప్పిన కుందేలు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి నీతిశతకంలోంచి బళ్ళో బట్టీపట్టిన పద్యం ద్వారా ఆవిడకి అది తెలుసు. ఆ కొమ్ము మన తర్కశాస్త్రంలో ఇంకా లోతుగా దిగబడి ఉంది. సుమారు వెయ్యేళ్ళ కిందట మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు 'న్యాయకుసుమాంజలి'లో సరిగ్గా మనవాడి ప్రశ్ననే ఎత్తుకున్నాడు. కనబడనంత మాత్రాన ఈశ్వరుడు లేడనకూడదంటే, కుందేటికి కొమ్ము లేదని మాత్రం ఎలా అంటాం? ఆయన జవాబు సారాంశం ఇది: కొమ్మంటే ఉంటే కనబడి తీరాల్సిన వస్తువు, కాబట్టి కనబడకపోవడమే లేదనడానికి చాలు. కనబడే జాతికే చెందనిదాని విషయంలో ఆ లెక్క చెల్లదు. అలాగని ఆయన అక్కడితో చేతులు దులుపుకోలేదు. కుండకి కుమ్మరి ఉన్నట్టు జగత్తుకి కర్త ఉండాలంటూ వేరే వాదాలు తెచ్చుకున్నాడు. అవతల వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్త అక్కర్లేదని వాదించాడు. ఇదంతా విని మావాడు, "మరి కనబడని కొమ్మైతే?" అన్నాడు. మంచి ప్రశ్న. సాగన్ డ్రాగన్ చేసిన పనే అది. నా దగ్గర టకీమని చెప్పే జవాబు లేదు, ఆ మాటే వాడితో అన్నాను.

మీరూ అనండి. చెయ్యకూడనిదల్లా దొంగ రుజువులు తేవడం. ఓంకారం సూర్యుడిలో వినబడిందని నాసా ఒప్పుకుందనేలాంటి ఫార్వర్డుల్ని పిల్లవాడు రెండు నిమిషాల్లో ఫోన్లోనే తేల్చేస్తాడు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలకీ విలువుండదు. 'నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు' అని వాణ్ణి అనేముందు మన కుందేటి కాళ్ళు లెక్కపెట్టుకోవాలి.

వాదం వేరు, వెక్కిరింత వేరు. అన్నం బల్ల దగ్గర నాతో యూనికార్న్ అంటే వాదం. అమ్మమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంటే చెవిలో అనడం వెక్కిరింత. మొదటిదానికి సమాధానం ఇవ్వండి, రెండోదాన్ని ఆపండి. దేవుడి కోసం కాదు, అమ్మమ్మ కోసం. నమ్మకం లేని ఇళ్ళకీ ఇదే వర్తిస్తుంది. సెలవులకి వెళ్ళి బొట్టు పెట్టుకుని, ప్రార్థన నేర్చుకుని వచ్చిన పిల్లని యూనికార్న్ పేరు పెట్టి ఏడిపించే నాన్నలు నాకు తెలుసు. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గాంధీతో దేవుడి గురించి కూర్చుని మాట్లాడాడు, ఆ సంభాషణలతో 1951లో పుస్తకమే వేశాడు. ఇద్దరిలో ఎవరూ ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు.

చివరికొచ్చేసరికి చెల్లెలితో ఒక మాట అనక తప్పలేదు. యూనికార్న్ నిన్నమొన్న వచ్చింది. దేవుణ్ణి బూచాడి పక్కన నిలబెట్టింది మనమే. అన్నం తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడు, అబద్ధమాడితే దేవుడు కళ్ళు పోగొడతాడు. రెండూ ఒకే గొంతుతో, ఒకే పూట, ఒకే పిల్లాడికి చెప్పాం. ఆరేళ్ళకి బూచాడు లేడని తేలింది. అబద్ధాలు చాలానే ఆడాడు, కళ్ళు బాగానే ఉన్నాయి. ఇక రెండో పేరు మాత్రం వాడు ఎందుకు కొట్టెయ్యడు? దేవుడంటే నీకు ఏమిటో, అమ్మ జబ్బుపడ్డ ఏడాది గుళ్ళో కూర్చుని నువ్వు ఏం అడిగావో, ఏం దొరికిందో, ఏం దొరకలేదో, అది వాడికెప్పుడూ చెప్పలేదు కదా అన్నాను. చెల్లెలు ఏమీ అనలేదు.

రాత్రి చిన్నవాడికి అన్నం పెడుతోంది. నాలుగేళ్ళవాడు, ముద్ద బుగ్గన పెట్టుకుని కదలడం లేదు. "తింటావా, బూ..." అంటూ ఆగిపోయింది. ఎదురుగా పెద్దవాడు చూస్తున్నాడు.

"తినకపోతే రాత్రికి ఆకలేస్తుంది నాన్నా" అంది.