బైక్ టైర్లు మారుస్తున్నారా? డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ మిగుల్చుకోకూడదు?

ఫోన్ కొనేముందు మనం ఎంత వెతుకుతాం! ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు... వారం రోజులు రివ్యూలు చదివితే గానీ జేబులోంచి పదిహేను వేలు తీయం. అదే బైక్ టైరు దగ్గరకొచ్చేసరికి షాపువాళ్లు ఏది చూపిస్తే అది వేయించుకుని వచ్చేస్తాం. నేనూ అంతే. ఆ అలవాటు 2025 జూన్‌లో మానుకున్నాను.

నాది 2018 పల్సర్ 150, ఏబీఎస్ లేని మోడల్. వెనక టైరు గుండైపోతే ఒకసారి మార్చాను. ముందుది మాత్రం బండితో వచ్చిందే. గీతలు బాగానే కనిపిస్తున్నాయి కదా, రెండు వేలు ఎందుకు దండగ అనుకున్నాను. తొలకరి పడిన సాయంత్రం మా అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే మలుపులో ఆటో అడ్డొచ్చింది. ముందు బ్రేక్ పట్టాను. స్పీడ్ ముప్పై కూడా లేదు. ముందు చక్రం సర్రున జారింది, ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. పాప మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. వెనక బస్సేదీ రాకపోవడం మా అదృష్టం.

మర్నాడు ఆ టైరును మొదటిసారి సరిగ్గా చూశాను. గీతల లోతు నిజంగానే ఉంది. కానీ గోరు గుచ్చితే దిగట్లేదు, రబ్బరు చెక్కలా ఉంది. గీతల అడుగున సన్నటి పగుళ్లు. అప్పుడు అర్థమైంది: టైరుకు అరుగుదల ఒక్కటే కాదు, వయసు కూడా ఉంటుంది. మనం చూసేది అరుగుదల, మర్చిపోయేది వయసు.

టైరు పక్కన ఉన్న అంకెలే దాని స్పెసిఫికేషన్స్

నా వెనక టైరు మీద 100/90-17 55పి అని ఉంటుంది. 100 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే ఆ వెడల్పులో 90 శాతం ఎత్తు. 17 అంటే రిమ్ సైజు, అంగుళాల్లో. 55 అనేది బరువు కోడ్, అంటే ఆ టైరు 218 కిలోల వరకు మోస్తుంది. చివరి అక్షరం స్పీడ్ కోడ్. పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, ఎల్ అయితే 120, జె అయితే 100. కంపెనీ ఇచ్చిన బరువు కోడ్, స్పీడ్ కోడ్ కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.

ఇక వయసు. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 0918 అని ఉంటే 2018లో 9వ వారం తయారైందని. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు చూడండి. 5 ఏళ్లు దాటాక ఏటా చెక్ చేయించమని, 10 ఏళ్లు దాటితే అరగకపోయినా మార్చమని మిషెలిన్ లాంటి కంపెనీలు చెబుతాయి. రోజంతా ఎండలో పార్క్ చేసే బండికి పదేళ్ల దాకా ఆగడం నా దృష్టిలో సాహసమే. నాది ఏడేళ్లకే చెక్కలా అయింది.

అరుగుదల చూడటం తేలిక. టైరు అంచు దగ్గర టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రిభుజమో ఉంటుంది. దానికి ఎదురుగా గీత లోపల చిన్న గట్టు కనిపిస్తుంది. పైన రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే.

ఎక్కడ మిగుల్చుకోవచ్చు?

నా బడ్జెట్ రెండు టైర్లకూ కలిపి 4,500 రూపాయలు. తిరిగి చూస్తే మూడు చోట్ల డబ్బు మిగిలింది.

1. బ్రాండ్ మోజు. ఎంఆర్‌ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, జేకే... కమ్యూటర్ సైజులు ఇవన్నీ చేస్తాయి. ఒకే సైజుకు మూడు షాపుల్లో అడిగితే వందల్లో తేడా వచ్చింది. ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో మాత్రం చూసుకోండి.

2. లావు టైరు. 100/90-17 బదులు 120/80-17 వేస్తే లుక్ బాగుంటుందన్నారు. లెక్క వేస్తే చక్రం వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బరువు పెరిగి మైలేజీ తగ్గుతుంది, చైన్‌కో మడ్‌గార్డ్‌కో రాసుకునే ప్రమాదం ఉంది. రిమ్ అదే ఉన్నప్పుడు టైరు ఆకారం కూడా మారుతుంది. ఎక్కువ డబ్బిచ్చి ఇన్ని తలనొప్పులు ఎందుకు? ఒరిజినల్ సైజే వేయించాను.

3. బటన్ టైర్లు. మట్టి రోడ్ల మీద ఇవి బాగా పనికొస్తాయి. రోజూ తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకు మోత తప్ప ఒరిగేదేం లేదు.

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చెబుతుంటే బిల్లులో పన్ను ఎంత వేశారో చూడండి.

ఎక్కడ మిగుల్చుకోకూడదు?

ఒక షాపులో మూడేళ్ల కిందటి స్టాక్ ఉంది, 300 తగ్గిస్తామన్నారు. వద్దన్నాను. వాడకముందే మూడేళ్ల వయసు అయిపోయిన టైరు అది. నేను రోజుకు తిరిగేది పాతిక కిలోమీటర్లే. అంత తక్కువ తిరిగేవాళ్ల టైరు అరగకముందే ముసలిదవుతుంది. అందుకే కొనేటప్పుడు తేదీ వీలైనంత కొత్తగా ఉండాలి. ఆన్‌లైన్‌లో ధర తక్కువే, కానీ ఏ వారం తయారైనది వస్తుందో మనం ఎంచుకోలేం. అక్కడ కొంటే బిగించకముందే తేదీ చూసుకోండి.

గీతలు మళ్లీ కోసిన పాత టైర్లు, సెకండ్ హ్యాండ్ టైర్లు బైక్‌కు అసలు వద్దు. ట్యూబ్‌లెస్ అయితే కొత్త టైరుతో పాటు వాల్వ్ కూడా మార్పించండి. ట్యూబ్ ఉండే బండికి ట్యూబ్ కొత్తదే వేయించండి. మామూలు స్పోక్ రిమ్‌కు ట్యూబ్ లేకుండా పనవదు. టైరు మీదున్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా అని దగ్గరుండి చూసుకోండి.

డబ్బు ఒక్క టైరుకే ఉంటే?

వెనక టైరు త్వరగా అరుగుతుంది కాబట్టి అందరం దాన్నే మారుస్తాం. రెంటిలో ఒకటే పాడైతే ఆలోచించేదేముంది, దాన్నే మార్చాలి. రెండూ పాడైతే నా ఓటు ముందు టైరుకే. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకొస్తుంది, బండిని ఎక్కువగా ఆపేది ముందు చక్రమే. వెనకది జారితే సర్దుకోవడానికి కొంచెం టైమ్ దొరుకుతుంది. ముందుది జారితే కింద పడ్డాకే తెలుస్తుంది. అలాగని అరిగిన వెనక టైరుతో నెలలు గడపకండి. అది మార్చేదాకా వానలో బండి తీయొద్దు, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.

చివరికి నాకు ముందుది 1,850, వెనకది 2,450, వాల్వులు, బిగింపుకు 300... మొత్తం 4,600 అయింది. మీ ఊళ్లో ధరలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. కొత్త రబ్బరు మొదట్లో నున్నగా ఉంటుంది కాబట్టి తొలి 100 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. గాలి ఎంత పట్టాలో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, వారానికోసారి చల్లటి టైరు మీద చెక్ చేయండి.

ఇది చదవగానే ఒక పని చేయండి. కిందికెళ్లి మీ ముందు టైరు మీద ఆ నాలుగు అంకెలు వెతకండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ అంకెలు నాకంటే ముందు మా అమ్మాయే చదివేస్తోంది.