ముసలావు పెయ్యా? తొలిచూలు పెయ్యా?

(పాడి పశువులపై పాఠకుల సందేహాలకు పశువైద్యుని సమాధానాలు)

డాక్టరుగారూ, మాది పలమనేరు దగ్గర పల్లె. నేను సింగపూర్‌లో, జురాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటికి పంపిన డబ్బుతో నాన్న ఒక హెచ్‌ఎఫ్ సంకరజాతి పెయ్యను కొందామనుకుంటున్నారు. చూసినవి రెండు. ఒకటి తొలిచూలు ఆవుకు పుట్టింది, రెండోది ఏడో ఈత ఆవుకు పుట్టింది. ముసలావు పిల్లకు సత్తువ ఉండదని పెదనాన్న, తొలిచూలు పిల్ల పీలగా మిగిలిపోతుందని నాన్న. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, జురాంగ్

మీ నాన్నగారిదీ, పెదనాన్నగారిదీ పూర్తిగా తప్పు కాదు. కానీ ఇద్దరూ తల్లి వయసునే పట్టుకున్నారు. చూడాల్సింది ఆ తొమ్మిది నెలల్లో తల్లి ఒంట్లో దూడకు పోటీగా ఏముందన్నది.

తొలిచూలు ఆవు ఇంకా ఎదిగే వయసులోనే ఉంటుంది. తిన్న మేతలో తన ఒంటికి కొంత పోగా మిగిలిందే దూడకు అందుతుంది. అందుకే ఆ దూడలు మామూలుగా కాస్త తక్కువ బరువుతో పుడతాయి. ఈనేటప్పుడు కష్టం కూడా ఎక్కువే. నాలుగైదు ఈతలు దాటిన ఆవుకు ఎదుగుదల బెడద లేదు. దాని పోటీ పాలతో. ఈనిన మూణ్నెల్లకు చూలు నిలిస్తే, పొదుగు నింపుతూనే కడుపులో దూడనూ పెంచాలి. స్పెయిన్ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధనలో, తల్లి పాలిస్తుండగా కడుపులో పెరిగిన పెయ్యలు, అలా కానివాటికంటే తమ మొదటి ఈతలో సుమారు 52 కిలోల పాలు తక్కువ ఇచ్చాయి. పది నెలల పాడి మీద లెక్కేస్తే రోజుకు పావు లీటరు కూడా కాదు. దీనికోసం ఇంట్లో మాటామాటా అనుకోవక్కర్లేదు.

ఇక రక్తం సంగతి. పెయ్య గుణాల్లో సగం ఆబోతువి. ఏ ఆబోతు వీర్యం ఎక్కించారో, పల్లెల్లో పశువులకు ఆ సూది వేసే గోపాలమిత్రను అడిగితే తెలుస్తుంది. వయసులో ఉన్న తల్లికి కొత్త తరం మేలుజాతి ఆబోతు రక్తం వచ్చి ఉండవచ్చు, అది దాని వైపు బలం. ఏడు ఈతలు ఈనిన ఆవుకు మాత్రం చరిత్ర ఉంది. పొదుగువాపుతో చన్ను పోగొట్టుకోకుండా, కాళ్లు పడిపోకుండా, ఏటేటా చూలు నిలుపుకుంటూ అంతకాలం నిలబడిందంటే అది చిన్న విషయం కాదు. పూటకు ఎన్ని లీటర్లు పోసిందో పాలకేంద్రంలో చెబుతారు. తొలిచూలు తల్లి గురించి చెప్పడానికి ఇంకా ఎవరి దగ్గరా ఏమీ లేదు. రెండు పెయ్యలూ ఆరోగ్యంగా ఉంటే నేనైతే ఏడో ఈత ఆవు పెయ్యనే తోలుకొస్తాను.

అయితే ఒక షరతు. ఈనడానికి ముందు ఆ ఆవును రెండు నెలలైనా వట్టిపోనిచ్చారా, పుట్టిన దూడకు ముర్రుపాలు ఎప్పుడు పట్టారు అని అడగమనండి. ముదురు ఆవుల ముర్రుపాలలో సాధారణంగా రోగనిరోధక శక్తి ఎక్కువ. అవి ఎన్నో జబ్బులను చూసి ఉంటాయి కదా. కానీ దూడ పేగు ఆ శక్తిని పీల్చుకునేది మొదటి కొన్ని గంటల్లోనే. 24 గంటలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. 30 కిలోల దూడకు 3 లీటర్లు, అందులో మొదటి పట్టు రెండు గంటల లోపే పడాలి. మన ఊళ్లలో ఆవు ఈనగానే జున్నుకని చెంబులు బయల్దేరతాయి. పంచడం మంచి అలవాటే, కాదనను. దూడ కడుపు నిండాక పంచండి. ఎంత గొప్ప ఆవు కడుపున పుట్టినా, ఆ పూట పస్తున్న పెయ్య తర్వాత విరేచనాలతో, దగ్గుతో వెనకబడుతుంది. ఆలస్యంగా ఎదకొస్తుంది.

కొనేముందు నాన్నగారు ముందుకాళ్ల వెనక టేపు పెట్టి ఛాతీ చుట్టుకొలత చూడాలి. రెండు పెయ్యలదీ ఒకే వయసైతే తేడా అక్కడే తెలిసిపోతుంది. బొడ్డు కింద వేళ్లతో నొక్కి గట్టి గడ్డ ఉందేమో చూడాలి. కాస్త దూరం నడిపించి దగ్గు వస్తుందేమో వినాలి.

డాక్టరుగారూ, సంక్రాంతి రోజుల్లో లిటిల్ ఇండియాలో ఆవుల్ని చూసి మా బాబు, ‘ఈ ఉక్కలో ఎలా ఉంటాయమ్మా?’ అన్నాడు. నంద్యాల దగ్గర మా అత్తగారింట్లో ఆవు జూన్‌లో ఈనబోతోంది. అక్కడి ఎండలకు లోపలి దూడకు ఏమైనా అవుతుందా?
– ఒక గృహిణి, యిషున్

బాబు చాలా మంచి ప్రశ్న వేశాడమ్మా. మీరు చూసిన ఆ వీధులు ఒకప్పుడు పశువుల పేటే. అక్కడి బఫెలో రోడ్డు పేరు బర్రెల వల్ల వచ్చిందే. ఆ చుట్టుపక్కల చోటికున్న కందాంగ్ కెర్బావు అనే పేరుకు మలయ్‌లో బర్రెల దొడ్డి అని అర్థం. ఆ పక్క బెలిలియోస్ రోడ్డు ఒక పశువుల వ్యాపారి పేరు మీద ఉంది. ఊరు పెరిగాక పశువులు అక్కణ్ణుంచి వెళ్లిపోయాయి.

ఇక ఎండ సంగతి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో వట్టిపోయిన ఆవుల్లో కొన్నింటికి చివరి నెలన్నర ఫ్యాన్లు, నీటిజల్లు పెట్టారు. మిగతావాటికి నీడ మాత్రమే ఇచ్చారు. నీడతోనే సరిపెట్టిన ఆవుల పెయ్యలు పెద్దయ్యాక మొదటి ఈతలో రోజుకు రెండు కిలోలకు పైగా తక్కువ పాలిచ్చాయి. పై ఉత్తరంలో వయసు గురించి పడుతున్న బాధకంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద తేడా. అయినా మన ఇళ్లలో వట్టిపోయిన ఆవును ‘పాలివ్వడం లేదు కదా’ అని ఎండలోనే కట్టేస్తారు. దాణా తగ్గిస్తారు. దాన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

సింగపూర్ గాలిలో తేమ ఎక్కువ. ఒంటిమీద నీళ్లు చల్లినా త్వరగా ఆరవు. గాలి గట్టిగా తగిలితేనే ఫలితం. నంద్యాల ఎండ పొడి ఎండ, కాబట్టి నీళ్లు బాగా పనిచేస్తాయి. మధ్యాహ్నం మూడు నాలుగుసార్లు ఒళ్లు తడిసేలా నీళ్లు పోసి, ఒక ఫ్యాను పెట్టమనండి. తొట్టిలో చల్లటి నీళ్లు రోజంతా ఉండాలి. పచ్చగడ్డి తెల్లవారుజామున, రాత్రి వేస్తే ఎక్కువ తింటుంది.

మా ఆవు ఆరో ఈతలో కవలలు వేసింది, ఒక కోడె, ఒక పెయ్య. పెయ్యను ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉడ్‌ల్యాండ్స్

ఈతలు పెరిగేకొద్దీ కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. తల్లి వయసు నిజంగా లెక్కలోకి వచ్చే చోటు ఇదే. కోడెతో కలిసి పుట్టిన పెయ్యల్లో నూటికి 90కి పైగా గొడ్డుపోతాయి. కడుపులో ఇద్దరి రక్తనాళాలు కలిసిపోయి, కోడె హార్మోన్లు పెయ్య గర్భసంచిని ఎదగనివ్వవు. మేత, మందులకు రెండేళ్లు ఖర్చుపెట్టక ముందే, నెల వయసులో పశువైద్యుడికి చూపించండి. సన్నని గొట్టంతో యోనిమార్గం లోతు కొలుస్తారు. గొడ్డు పెయ్యలో అది మామూలు పెయ్యకున్న లోతుకంటే చాలా తక్కువగా ఉంటుంది.