డచ్ నగరాల్లో మన వ్యాపారం: ఎవరికి అమ్మాలి?

ఈపురుపాలెం, చీరాల, రేపల్లె ప్రాంతాల నుంచి ఉద్యోగాల మీద నెదర్లాండ్స్ వెళ్లినవారిలో కొందరికి, కాస్త కుదురుకోగానే సొంత వ్యాపారం పెట్టాలనిపిస్తుంది. ఊరగాయలైనా చీరలైనా మొదట మనవాళ్లకే అమ్ముదామనుకుంటారు. కానీ అక్కడివాళ్ల అభిరుచికి మన పనితనాన్ని జోడించిన వ్యాపారమే నిలదొక్కుకుంటుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. డచ్ ఈస్టిండియా కంపెనీ 1606లోనే రేపల్లెకు దగ్గరలోని నిజాంపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో హిందెలోపెన్ ఊరి స్త్రీల సంప్రదాయ దుస్తులయ్యాయి. ఐరోపా వర్తకులు పంపిన నమూనాలను చూసి మన అద్దకంవాళ్లు పువ్వులనూ రంగులనూ మార్చుకున్నారు. పనితనం మనది, గిరాకీ వాళ్లది.

మనవాళ్ల నమ్మకమే తొలి పెట్టుబడి కదా అనవచ్చు. నిజమే, మొదటి నెలలకు అది చాలా అవసరం. అయితే అందరూ అదే సరుకుతో అదే కొద్దిమంది చుట్టూ తిరిగితే ధరలు తగ్గించుకోవడం తప్ప దారి ఉండదు. డచ్ నగరాల్లో వలస వ్యాపారాలను పరిశీలించిన రాబర్ట్ క్లోస్టర్‌మన్, యాన్ రాత్ వంటి పరిశోధకులు 1999లో చెప్పినదీ ఇదే: బంధుబలగం ఒక్కటే చాలదు, ఆ నగరపు మార్కెట్టూ నిబంధనలూ కలిసి గెలుపోటములను నిర్ణయిస్తాయి. ఉదాహరణకు, డచ్ పట్టణం హెల్మండ్‌లో 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీ పశ్చిమ ఆఫ్రికా అభిరుచికి తగిన బట్టలు అచ్చువేసి నిలబడింది. మనమూ అలాగే ఐంథోవెన్‌లో ఏటా జరిగే డచ్ డిజైన్ వీక్ లాంటి చోట ఈపురుపాలెం మగ్గం బట్టను చీరగానే కాక తెరలుగా, దిండు గలీబులుగా చూపించవచ్చు.

నిబంధనలు ఎక్కువన్న భయం ఉంటుంది, కానీ వరుస తెలిస్తే అవి దాటలేనివి కావు. నాలుగు నెలలకు మించి ఉండేవారు దిగిన 5 రోజుల్లోగా నగరపాలక కార్యాలయంలో నమోదై బీఎస్ఎన్ అనే పౌర సేవా సంఖ్య పొందాలి. నిపుణ ఉద్యోగి అనుమతి మీద ఉన్నవారు ఆ ఉద్యోగమూ జీతం షరతులూ కొనసాగుతుండగా పక్కన వ్యాపారం చేసుకోవచ్చు. జీవిత భాగస్వామి నివాస కార్డు మీద పనికి ఆంక్షలు లేవని ఉంటే వారి పేరునే మొదలుపెట్టవచ్చు. తర్వాత వాణిజ్య మండలి అయిన కేవీకేలో నమోదు. ఏడాది అమ్మకాలు 20,000 యూరోల లోపుంటే చిన్న వ్యాపారుల వ్యాట్ మినహాయింపు కోరవచ్చు, అప్పుడు కొనుగోళ్ల మీద కట్టిన వ్యాట్ మాత్రం తిరిగి రాదు. భారత్ నుంచి తెచ్చే బట్టకు కస్టమ్స్ ఖర్చును ముందే ధరలో కలపండి.

ఉద్యోగం వదలకండి. ముందు వారాంతపు సంతలో ఒక సీజన్ అమ్మి, కొన్నవాళ్లు ఏం అడుగుతున్నారో రాసుకుని, ఆ మాట నేతగాడికి చేర్చండి. అతనికి న్యాయమైన కూలి కట్టిన తర్వాతే మీ లాభం లెక్క వేసుకోండి.